కిటికీ తెరిచుందా?

“కిటికీ తెరిచుందా తల్లీ?”

ఆ మాట చెవిన పడగానే నర్సుకు కునుకు తేలిపోయింది.

రాత్రి డ్యూటీ దిగి, పక్కింట్లో పడుకున్న కూతుర్ని వెంటబెట్టుకుని నేరుగా పిల్లల లైబ్రరీకి వచ్చిందామె. పిల్ల బొమ్మల పుస్తకాలు తిరగేస్తుంటే తాను గోడకు చేరగిలబడి కళ్ళు మూసుకోవడం అలవాటు.

“తెరిచే ఉంది తాతా.”

అది కూతురి గొంతే. నాలుగేళ్ళ పిల్ల. పొద్దస్తమానం కిచకిచలాడుతూనే ఉంటుందని ఇంట్లో పిచ్చుక అంటారు.

“అమ్మేం చేస్తోంది?”

“నిద్రపోతోంది.”

“నాన్న?”

“లేడు. చెప్పులు కూడా లేవు.”

“మరి వెనక తలుపు? గడియ పెట్టుందా?”

నర్సు చటుక్కున లేచి కూర్చుంది. మొగుడు లారీ డ్రైవరు. వారంలో సగం రోజులు రోడ్డు మీదే. పగటిపూట ఆమె ఒళ్ళెరగక నిద్రపోయే సంగతి ఎవరికైనా తెలిస్తే?

చూస్తే, మూల కుర్చీలో ఎవరో పెద్దాయన. తెల్లటి చొక్కా, నున్నగా దువ్విన తల. మర్యాదస్థుడిలాగే ఉన్నాడు. మోసగాళ్ళంతా అలాగే ఉంటారు అనుకుంది. ఒళ్ళో పుస్తకం తెరిచే ఉంది కానీ, ఆయన చూపు మాత్రం ఎటో ఉంది.

“ఎవరండీ మీరు?”

“ఊరికే, పిల్లలతో పుస్తకం చూద్దామనమ్మా.”

“మీ మనవలెవరైనా ఉన్నారా ఇక్కడ?”

“లేరమ్మా.”

ఆ ముక్క కూడా ఆమె చెవి పక్కగా గోడకేసి చూస్తూ చెప్పాడు. మనసులో ఏమీ లేకపోతే ముఖం ఎందుకు చాటేస్తాడు?

“నా మొహంలోకి చూసి మాట్లాడండి.”

“చూస్తూనే ఉన్నానమ్మా,” అంటూ తల ఇంకాస్త పక్కకు తిప్పాడు.

ఆమెకు ఒళ్ళు మండింది. గొంతు పెంచింది. చుట్టుపక్కల తల్లులు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు.

“మావాణ్ణీ ఇలాగే ఆరా తీశాడండీ,” అందుకుంది ఒకామె. “గదిలో ఎవరెవరున్నారు, దీపం ఎక్కడుంది అని!”

క్లర్కు పరుగున వచ్చాడు.

“పిల్లల్తో వచ్చినవాళ్ళకే ఈ గది, పెద్దాయనా. లైబ్రరీ మేడమ్ కూడా సెలవులో ఉన్నారు. లేనిపోని గొడవ నా మెడకు చుట్టుకుంటుంది. ఇక రాకండి.”

ఆయన పుస్తకం పిచ్చుక చేతికిచ్చాడు. కుర్చీ వీపు పట్టుకుని మెల్లగా లేచాడు.

“ఆఖరి పేజీ ఒక్కటే మిగిలింది తల్లీ. గాడిద నవ్వుతోందా?”

పిచ్చుక నోరు తెరిచేలోపే నర్సు పుస్తకం లాక్కుని మూసేసింది.

ఆయన వెళ్ళిపోయాడు.

దారిలో కూతుర్ని నిలదీసింది.

“మనింటి సంగతులన్నీ ఆ తాతకెందుకు చెప్పావే?”

“మనిల్లు కాదమ్మా! గాడిద గొడుగు కోసం వెళ్తుంది చూడు, ఆ ఇల్లు.”

నర్సు నడక ఆగింది. ఆ కథ ఆమెకు తెలియనిదేం కాదు. చిన్నప్పుడు అమ్మ ఒళ్ళో కూర్చుని, అట్టలు ఊడిపోయేదాకా చూసిన పుస్తకమే. వానలో తడిసిన గాడిద, అందరూ నిద్రపోతున్న ఇంట్లోకి వెనక తలుపు గుండా దూరుతుంది.

పొరపాటు పడ్డానా అనిపించింది. ఒప్పుకోవడానికి మనసు రాలేదు.

“అయితే మాత్రం? పుస్తకం ఆయన ఒళ్ళోనే ఉందిగా. చూసుకోవచ్చుగా, నిన్నడగడమెందుకు? కళ్ళు లేవా?”

“ఏమో,” అంది పిచ్చుక.

సెలవు ముగించుకుని లైబ్రరీ మేడమ్ వచ్చిన రోజున నర్సు కూతురితో అక్కడే ఉంది. తనే వెళ్ళి జరిగింది చెప్పింది.

“మనిషి తీరే తేడాగా అనిపించిందండీ. ముఖం చూసి మాట్లాడడు.”

“ఎలా మాట్లాడతారమ్మా? రెండు కళ్ళకీ నడిమి చూపు పోయింది. తల పక్కకి తిప్పితేనే ఎదుటి మనిషి నీడలా కనబడేది.”

నర్సుగా తాను ఎంతమంది రోగుల్ని చూసింది! ఈయన్ని మాత్రం పోల్చుకోలేకపోయింది.

“ఎక్కడుంటారండీ? ఇప్పుడే వెళ్ళి కాళ్ళ మీద పడతాను.”

“అద్దె గది ఖాళీ చేసి, దూరాన ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. ఇక్కడికి రావడం కోసమే ఇన్నాళ్ళూ ఒంటరిగా నెట్టుకొచ్చారు. ఇక ఈ ఊళ్ళో నాకేం పని అన్నారట.”

“బొమ్మల పుస్తకాలంటే అంత పిచ్చేంటండీ ఆయనకి?” అడిగాడు క్లర్కు.

మేడమ్ పిచ్చుక చేతిలోని గాడిద పుస్తకం వంక చూసింది.

“ఆ గాడిదని గీసింది ఆయనే బాబూ, కంటికి కనబడకుండా పోయిన తన బొమ్మల్ని పిల్లల నోట విని చూసుకునేవారు.”