నలభై సెకన్లు, ఒక సంతకం

"సంతకం పెట్టండి, చాలు!" డాక్టరు కాగితాన్ని మూడోసారి ముందుకు జరిపింది.

కొడుకు చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "అలా తొందరపెడితే ఎలాగండీ? ఇంట్లో నలుగుర్నీ అడగాలి కదా!"

స్కానింగు గది బయట చక్రాల మంచం మీద తండ్రి పడుకుని ఉన్నాడు. కుడిచెయ్యి కదలడం లేదు. మూతి ఒక పక్కకు లాగేసింది. మాట పడిపోయింది. తెలివి మాత్రం చెక్కు చెదరలేదు. ఎవరు మాట్లాడితే వాళ్ల వైపు కళ్లు తిప్పుతున్నాడు.

డాక్టరు కంప్యూటరు తెరను వాళ్లకు చూపించింది. "మెదడు స్కాను మొత్తాన్నీ కృత్రిమ మేధ నలభై సెకన్లలో చదివేసింది. రక్తస్రావం లేదు. ఇదిగో, ఈ నాళంలో గడ్డ అడ్డుపడింది. నేనూ సరిచూశాను. కరిగించే ఇంజెక్షను ఇప్పుడే ఇస్తే చెయ్యీ మాటా తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. ఆలస్యమైన ప్రతి నిమిషానికీ లక్షల కణాలు చచ్చిపోతాయి."

"నలభై సెకన్లా?" కోడలు పెదవి విరిచింది. "మా ఇంట్లో ఏ కూర వండాలో తేలడానికే గంట పడుతుందండీ. అంత గబగబా చూసింది సరిగ్గా చూసుంటుందా?"

"ఇంజెక్షనువల్ల ప్రమాదమేమీ లేదు కదా?" కొడుకు అడిగాడు.

"నూటికి కొద్దిమందికి రక్తస్రావం కావచ్చు. అందుకే మీ సంతకం."

ఆ మాటతో, కొడుకు అప్పుడే అందుకున్న కలం మళ్లీ బల్లమీదికి చేరింది. కొడుకు మేనత్తకు ఫోను చేశాడు. "మీ చిన్నాన్న ఏమన్నాడ్రా?" అందావిడ. చిన్నాన్నకు చేశాడు.

"చిన్నాన్నా, ఇంజెక్షనుకి సంతకం పెట్టమంటున్నారు. పెట్టనా?"

"ఎవరికైతేనేం గానీ, నన్నడుగుతావేంట్రా? రేపు అటూ ఇటూ అయితే మాట పడేది నేనేగా! ఉండు, పెద్దాయన్ని అడిగి చెప్తా."

కొడుకు ముఖం తేటపడింది. "ఇక గొడవ లేదండీ. పెద్దాయన సరేనంటే మా ఇంట్లో ఎవరూ కిక్కురుమనరు."

"ఆయనెవరో కాస్త త్వరగా అంటే బాగుండు," డాక్టరు గడియారం చూసుకుంది. పన్నెండు నిమిషాలు గడిచాయి. యంత్రం మిగిల్చిన సమయమంతా వరండాలోనే హారతి కర్పూరమైపోయింది.

ఫోను మోగింది. కొడుకుది కాదు, కోడలిదీ కాదు. మంచం మీద, తండ్రి కాళ్ల దగ్గర మడిచిపెట్టిన చొక్కా జేబులోంచి మోగుతోంది. నర్సు బయటికి తీసింది. తెరమీద 'తమ్ముడు' అని ఉంది.

నర్సు తండ్రి వంక చూసింది. తండ్రి కొడుకు వంక తీరిగ్గా ఒక చూపు చూశాడు. ఆ తరువాత రెండుసార్లు గట్టిగా తల ఊపాడు.

నర్సు ఫోను చెవికి ఆనించుకుంది.

"పెద్దాయన సరేనన్నారండీ!"