ఉత్త జ్వరం

కరోనా కాలం. కోస్గి నుంచి వచ్చిన ముసలాయనకు దవాఖాన ఆయా బిక్షమ్మ నాలుగు రోజులు గంజి తాగించింది, మూతి తుడిచింది. ముఖానికి కట్టుకున్నది చీర కొంగే.

"నాకు కిట్టు ఇయ్యవా చెల్లె?" అని మొదటి రోజే అడిగింది.

"ఆయనది ఉత్త జ్వరమే అక్కా, ఫికర్ చెయ్యకు" అన్నది హెడ్ నర్సు రూప.

అయిదో రోజు పొద్దున ముసలాయన చనిపోయిండు. శవాన్ని తీసుకపోను వచ్చినోళ్లు నిలువెల్లా కిట్లు తొడుక్కున్నరు. బిక్షమ్మ రూప దిక్కు చూసింది.

రూప తల వంచుకున్నది. "కరోనా అని మొదటి రోజే రిపోర్టు వచ్చిందక్కా. ఉన్న కిట్లు డాక్టర్లకే సాలలే. చెప్తే నువ్వు పనికి రావనుకున్న."

"చెప్పినా వస్తుంటి చెల్లె" అన్నది బిక్షమ్మ. "ఇంటికే పోకపోతుంటి. రోజూ పొయ్యి మనవరాలిని ఒళ్లె పండవెట్టుకున్న. దానికింకా నెల నిండలే."