కొండమ్మ ముసుగు

“గటగటా తాగేయకు!” మనవరాలు గొణిగింది. “గ్లాసు ఖాళీ అయ్యిందంటే మన పెళ్ళికి నీళ్ళొదులుకోవడమే!”

అబ్బాయి ఠక్కున టీ గ్లాసు కిందికి దించాడు. మేడమీద పిట్టగోడకి అవతల కొండంతా మబ్బే.

ఆ ఇంట్లో తరతరాల నమ్మకం అది. కొండమ్మ ఎప్పుడూ మబ్బు ముసుగేసుకుని ఉంటుంది. ఇంటికొచ్చిన పెళ్ళికొడుకు నచ్చితే, అతను టీ తాగడం అయ్యేలోగా ముసుగు తీసి చూస్తుంది. తియ్యలేదా, సంబంధం చెడినట్టే. ఇప్పటికి మూడు అలాగే చెడ్డాయి. నిజం చెప్పొద్దూ, ఆ ముగ్గురూ మనవరాలికీ నచ్చలేదు. ఇతనంటే మాత్రం ప్రాణం.

నాయనమ్మ తలుపు దగ్గర కుర్చీలో బిగుసుకుని కూర్చుంది. అతను దండం పెడితే తలాడించి ఊరుకుంది. కొండ ఒప్పుకునేదాకా పెళ్ళికొడుకుతో ఇంటి పెద్ద పెదవి విప్పకూడదట. ఆ ముగ్గురినీ పొద్దున్నే ఏడింటికి రమ్మన్న మనిషి, ఇతన్ని పదింటికి రమ్మంది. “అతని ఉద్యోగం...” అని మనవరాలు మొదలెడితే, “ముందు కొండ ఒప్పుకోనీవే!” అని నోరు మూయించింది.

“రోజంతా వాతావరణ కేంద్రంలో ఫోన్లెత్తి ఊరందరికీ వానెప్పుడో ఎండెప్పుడో చెప్తావుగా,” మనవరాలు చెవిలో ఊదింది. “ఈ మబ్బు సంగతి తెలీదూ?”

“మేం చెప్పినవన్నీ జరుగుతాయా ఏంటి! భయంతో నా బుర్రే పనిచెయ్యట్లేదు.”

గ్లాసులో ఇంకొక్క గుక్కే మిగిలింది. నాయనమ్మ చేతి గడియారం చూసుకుని, ఆగమన్నట్టు అరచెయ్యి ఎత్తింది. మనవరాలు హడలిపోయింది. అయిపోయింది, ఇక పంపించేస్తుంది!

అంతలో గాలి రివ్వున వీచింది. మబ్బు చెదిరిపోయి, శిఖరం ఎండలో ధగధగా మెరిసింది.

“తీసింది! నాయనమ్మా, కొండమ్మ ముసుగు తీసింది!” మనవరాలు చిన్నపిల్లలా గంతులేసింది. అబ్బాయికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

నాయనమ్మ కొండకేసి చేతులు జోడించింది. అప్పటికి ఆవిడ నోరు పెగిలింది.

“కొండమ్మ మాటకి తిరుగేముంది నాయనా! పెళ్ళెప్పుడో మీరే చెప్పండి.”

ఆ గొంతు వినగానే అబ్బాయి ఉలిక్కిపడ్డాడు.

“నిన్న ఆరుసార్లు ఫోన్ చేసి మబ్బెప్పుడు విడుతుందని అడిగింది మీరేనా!”