ఏడిపించే సినిమా

ఆగస్టు తొమ్మిదో తారీకు. జొన్నరొట్టె, పుంటికూర తిని, చెయ్యి కడుక్కుని కృష్ణయ్య లోపలికి వచ్చేసరికి భార్య భీమమ్మ దిండుకు ఫోను ఆనించుకుని కూర్చుంది. తెర మీద ఒక ముసలి ఎద్దు. కృష్ణయ్య గడప దగ్గరే ఆగిపోయాడు.

"ఎవలిదే ఫోను?"

"పక్కింటి వనజది. సినిమా పెట్టిచ్చి పోయింది. మస్తుగ ఏడిపిస్తదంట. రా, కూసో."

ఆమె గుండెకు స్టెంటు వేసి నెల కూడా కాలేదు. మనసు కష్టపెట్టే మాటేదీ చెవిన పడనివ్వొద్దని దవాఖానలో డాక్టరు మరీ మరీ చెప్పి పంపాడు. అందుకే మొన్న చేను కాడి కొట్టంలో మైల ఎద్దు కాళ్లు చాపి పడి ఉంటే, జేసీబీ పిలిపించి గుట్టుగా పూడ్పించాడు. దూడప్పటి నుంచి భీమమ్మ చేతి తవుడు తిన్న ఎద్దు అది. పోయిందని తెలిస్తే ఈమె దక్కదని అతని భయం.

"వేరేది పెట్టు. నవ్వేది చూద్దాం."

"నవ్వేటియి పండ్లున్నోళ్లకు. గిదే ఉండనీ."

సినిమాలో ఎద్దును అమ్మడానికి తోలుకుపోతున్నారు. చిన్నపిల్ల పలుపు పట్టుకుని వదలడం లేదు.

"అచ్చం మన పెబ్బేరు సంత లెక్కనే ఉంది సూడు," అని భీమమ్మ ముక్కు చీదింది.

కృష్ణయ్య తెర చూడడం లేదు. ఆమె ఊపిరి చూస్తున్నాడు. నాలుక కింద పెట్టే గోళీ జేబులో ఉందో లేదో తడుముకున్నాడు. ఉంది.

"గుండెల నొస్తుందా?"

"జర సినిమా చూడనియ్యవా?"

కాసేపటికి ఆమె తెర మీది నుంచి చూపు తిప్పకుండానే అడిగింది. "మన మైలగానికి గడ్డేసినవా?"

"ఏసిన."

"తిన్నడా?"

"తిన్నడు." దగ్గినట్టు మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆమె మళ్లీ సినిమాలో పడింది. అంతవరకు నయమనుకున్నాడు.

తెర మీద ఎద్దు ముంగాళ్ల మీద కూలబడింది. ఎంత అదిలించినా లేవలేదు. పిల్ల దాని గంగడోలు పట్టుకుని ఏడుస్తోంది. భీమమ్మ ఊపిరి ఎగపీలుస్తోంది. ఇక ఆపేయాల్సిందేనని కృష్ణయ్య ఫోను అందుకోబోయాడు. చెయ్యి సగంలోనే ఆగింది. తువ్వాల నోటికి అడ్డం పెట్టుకున్నాడు గాని, లోపలి నుంచి తన్నుకొచ్చిన ఏడుపు దానికి ఆగలేదు. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి.

"గింత ఏడుపు సినిమాకేనా?" అంది భీమమ్మ.

"సినిమాకే," అన్నాడు బెదురుగా.

"ఏడువు మరి. సినిమాకు ఏడిస్తే ఎవలేమంటరు."

సినిమా అయిపోయేదాకా ఏడ్చాడు. తర్వాత మొహం కడుక్కుందామని పెరట్లోకి పోయాడు. గోలెంలో చెంబు ముంచబోతుంటే వాకిట్లో వనజ గొంతు వినబడింది. ఫోను కోసం వచ్చినట్టుంది.

"పెద్దమ్మా, ఎద్దు పోయిన ముచ్చట నేను నీకు ముందే చెప్పిన్నని పెద్దనాయినకు తెల్వదు గద?"

"తెల్వదు, తెల్వనియ్యను. నా ఎదుట ఏడ్వనీకె భయపడి, మొన్నటి సంది దుఃఖమంత గొంతుల పెట్టుకొని తిరుగుతుండు. నా గుండె కంటె ఆయన గుండెకే ఏమన్న అయితదని నా పరేషాన్. ఇయ్యాల కడుపునిండ ఏడ్చిండు, ఇగ పండుకుంటడు తియ్యి," అని భీమమ్మ చప్పుడు కాకుండా పెరటి తలుపు దగ్గరికి వేసింది.