పై బోల్టు

గేరుబాక్సులో పాత ఆయిలంతా టబ్బులోకి కారిపోయాక తెలిసింది, కొత్తది పోయడానికి దారి లేదని.

ఆయన కారు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మీసానికి ఆయిలు, మోచేతికి మట్టి. ఇంటావిడ పక్కనే పీట వేసుకుని కూర్చుంది, అడిగిన పానా అందించడానికి.

"ఏమైందండీ?"

"ఏం కాలేదు."

ఆయన ఏం కాలేదన్నాడంటే ఏదో అయిందనే అర్థం. కాపురం చేసిన మనిషికి ఆ మాత్రం తెలియదా!

గేరుబాక్సుకి రెండు బోల్టులు. కిందది విప్పితే పాత ఆయిల్ కారుతుంది. పైది విప్పితే కొత్త ఆయిల్ పోయొచ్చు. పొద్దున్నే కారుని దిమ్మల మీదికి ఎక్కించి, కొట్టుకెళ్ళి ఆయిల్ తెచ్చుకుని, హుషారుగా కింద దూరాడు. కింది బోల్టు చటుక్కున వచ్చేసింది. పైది ఉలకదు, పలకదు.

"ముందు పైది విప్పి చూసుకోవాలేమో కదండీ?" అంది ఆవిడ, గోళ్ళు చూసుకుంటూ.

కారు కింద పానా ఠంగుమని నేల మీద పడింది.

"మీ తమ్ముడిలా మాట్లాడకు."

అసలు గొడవంతా అదే. ఆవిడ తమ్ముడు మెకానిక్కు. రెండు వీధుల అవతల వాళ్ళ నాన్న పెట్టిన షెడ్డు నడుపుతున్నాడు. కిందటేడు అత్తారింట్లో నలుగురూ భోజనాలకి కూర్చున్న చోట, గేరు ఆయిల్ ఇక నేనే మార్చుకుంటానని బావ గొప్పగా చెప్పాడు. బావమరిది ఊరుకున్నాడా? "మార్చుకో బావా. కానీ ముందు పై బోల్టు వదులయ్యాకే కిందది ముట్టుకో. లేకపోతే కారు ఖాళీ కుండై కూర్చుంటుంది, పక్కన నువ్వు కూర్చుంటావు" అన్నాడు.

అందరూ నవ్వారు. బావ నవ్వలేదు. చెయ్యి కడుక్కుని లేచొచ్చాడు. అప్పట్నుంచి ఆ ఇంటి గుమ్మం తొక్కలేదు. కిందదే ముందు విప్పి చూపిస్తానని మాత్రం ఇంట్లో రోజూ అంటూనే ఉన్నాడు.

తమ్ముడూ తక్కువవాడేం కాదు. బావ పిలిస్తేనే వస్తానని భీష్మించుకున్నాడు. మధ్యలో ఆవిడ పుట్టింటికి ఒక్కతే వెళ్తోంది, ఒక్కతే వస్తోంది. వెళ్ళిన చోట "బావ రాలేదా?" అని అడుగుతారు. వచ్చిన చోట ఏమీ అడగరు. రెండూ కష్టమే.

"మెట్ల కింద ఇనప పైపు ఉంటుంది చూడు. పానాకి తొడిగి లాగితే వీడి తాత కూడా దిగొస్తాడు" అన్నాడు ఆయన.

ఆవిడ వెళ్ళి చూసొచ్చింది. "లేదండీ."

"నిన్నటిదాకా అక్కడే ఉంది కదే!"

"పాత సామాన్లలో వేసేసి ఉంటారు. ఈమధ్య మీకు మతిమరుపు ఎక్కువైంది."

ఆయన పానాతో కుస్తీ పట్టాడు. సుత్తితో కొట్టాడు. బోల్టుని తిట్టాడు. పానా జారి వేలు చెక్కుకుపోయింది.

"రేపు డ్యూటీకి ఎలా వెళ్తారు?"

"కారులోనే."

"ఆయిల్ లేకుండా తోలితే లోపల పళ్ళన్నీ పిండైపోవూ?"

ఆయన తల బయటికి పెట్టాడు. "నీకెవరు చెప్పారు?"

"మీరే ఎప్పుడో అన్నారు."

ఆదివారం. ఊళ్ళో షెడ్లన్నీ మూసే ఉంటాయి. ఒక్కటి తప్ప.

"పిలవనా?"

"నేను పిలవమనలేదు."

"సరే, పిలవను."

పానా బోల్టు మీద ఇంకో రెండుసార్లు జారింది.

"ఖాళీగా ఉంటే రమ్మను. ఉంటేనే."

తమ్ముడు ఎంత ఖాళీగా ఉన్నాడంటే, ఒక కాలికి ఒక చెప్పు, రెండో కాలికి ఇంకెవరిదో చెప్పు వేసుకుని పరిగెత్తుకొచ్చాడు. భుజాన పొడుగాటి పైపు.

"అక్కా, బావని కాస్త అటు జరగమను."

"ఇది నా కారని మీవాడికి చెప్పు."

"కారు ఆయనదేనని చెప్పక్కా. బోల్టే ఎవరి మాటా వినట్లేదని కూడా చెప్పు."

"నేనెవరికీ ఏమీ చెప్పను. మీ ఇద్దరి మధ్యా మూరెడు దూరం లేదు" అంది ఆవిడ.

ఇద్దరూ పక్కపక్కనే పడుకుని పైపు పట్టుకున్నారు.

"ఒకటి... రెండు..."

బావ లాగేశాడు.

"మూడు అనకుండానే లాగుతావేం బావా!"

"నువ్వు మూడు అనేసరికి తెల్లారుతుందిరా!"

బోల్టు కీచుమని అరిచి వదిలింది. ఆ ఊపుకి బావ కాలు తన్ని టబ్బు తిరగబడింది. ఇద్దరూ ఆయిల్లో తడిసి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, కడుపు పట్టుకుని నవ్వారు.

"ఎవడు బిగించాడు బావా దీన్ని? మా నాన్న తర్వాత ఇలాంటి బిగింపు నేను చూళ్ళేదు."

"కంపెనీ బిగింపురా. పాత కారంటే ఏమనుకున్నావు!" అన్నాడు బావ, తనే బిగించినంత గర్వంగా.

కొత్త ఆయిల్ పోశారు. గేరు చెయ్యి తగిలితే పడుతోంది.

"ఈ కంపు సబ్బుకి పోదు బావా. నిమ్మచెక్కతో రుద్దుకోవాలి. మా ఇంట్లో అందరం అంతే."

కుళాయి గోడ మీద ఎవరో రుద్ది పడేసిన నిమ్మచెక్కలు ఉన్నాయి. చెరొకటీ తీసుకున్నారు.

"భోంచేసి వెళ్ళరా. వచ్చే ఆదివారం మేమొస్తాం" అన్నాడు బావ.

వాళ్ళు చేతులు కడుక్కుంటూ ఉండగానే ఆవిడ పడగ్గదిలోకి వెళ్ళి, పొద్దున ఆయన ఆయిల్ కోసం కొట్టుకెళ్ళినప్పుడు తను కారు కింద దూరి పై బోల్టు బిగించిన ఇనప పైపుని పరుపు కింద నుంచి లాగి, మెట్ల కింద ఎప్పుడూ ఉండే చోట పెట్టేసి వచ్చింది.