దవడ నొప్పి

"గుండె పరీక్షకి మగాళ్ళే వచ్చారేం, హాజీ?" అంది కైరో నుంచి మా ఊరికి పరిశోధనకొచ్చిన డాక్టరమ్మ.

మా పక్కింటి షెహాతా నవ్వాడు. "మా ఆడాళ్ళవి రాతిగుండెలు తల్లీ. మొన్న మా ఇంటిది పోయింది. గుండెనొప్పి అనలేదే!"

"మరేమంది?"

"దవడ లాగేస్తోందంది. వాంతులు. పంటినొప్పని లవంగం పెట్టాం."

డాక్టరమ్మ గొంతు తగ్గింది. "ఆడవాళ్ళకి గుండెపోటు అలా కూడా వస్తుంది. ఇన్నాళ్ళూ మగాళ్ళనే చూసి మేమూ సరిగ్గా తెలుసుకోలేదు. మీ కూతుర్ని తీసుకురండి. పోయిన మీ ఆవిడ పేరూ చెప్పండి, రాసుకుంటాను."

మాలో భార్య పేరు పరాయి మగాళ్ళ ముందు ఎత్తరు. గదినిండా మేమే ఉన్నాం.

షెహాతా తల దించుకున్నాడు. చివరికి, "జకియా," అన్నాడు గట్టిగా.

ఇంతకాలం పక్కింట్లో ఉన్నా, ఆ తల్లి పేరు నాకప్పుడే తెలిసింది.