ఎండపొయ్యి

ఎండకు అన్నం ఉడికించే అద్దాల పెట్టెను భుజానికెత్తుకుని సాయిలు కామాటిపురాలోని ఇరుకు గదుల చాల్ మెట్లు దిగుతున్నాడు. తల్లి మల్లవ్వ అడ్డం నిలబడింది.

"ఇచ్చినోళ్లకే వాపస్ ఇచ్చేస్త అవ్వా. ఇది పగటీలి వండుతది. నేను పనికెళ్లి మాపటికొస్త. చల్లబడ్డ బువ్వ తినాల్నా?"

"మళ్ల బొగ్గుల సిగిడేనా? ఆ పొగకు పానం పోతున్నది కొడుకా." మల్లవ్వకు దగ్గు ఆగలేదు.

"ఎండ నా డ్యూటీ చూసి వస్తదా అవ్వా?"

"నల్లా నీ నిద్ర చూసి వస్తున్నదా? తెల్లారకముందే బిందె పట్టుకొని ఉరుకుతవు గద. దానికి వంగిన నడుము దీనికి వంగదా?"

సాయిలు వెనక్కి తిరిగి డాబా ఎక్కి, పెట్టెను ఎండలో దించాడు.

"అవ్వా, నా బొంత తీస్కో. ఉడికినంక గిన్నెకు చుట్టిపెట్టు. మాపటిదాక వేడి ఆగుతదేమో చూద్దం."